జెండా ఎగరని జూలై

నెమురో ద్వీపకల్పం కొసన, మా పేటలో,
మూడు ముప్పావుకే తెల్లవారుతుంది.
తెల్లవారడమంటే నిజంగా తెల్లగానే వారడం.
పొగమంచు కిటికీ దాకా, గడప దాకా,
తలుపు తీస్తే పొయ్యి దాకా.

జూలై ఒకటిన గది వెచ్చబెట్టే పొయ్యి ఆర్పెయ్యాలని
అత్తగారి నియమం.
ఈ ఏడు ఆవిడ లేదు.
పొయ్యి వెలుగుతూనే ఉంది.

రేవు గట్టున తెల్లజెండా ఎక్కితే
కొంబు నాచు కోతకి పడవలు కదులుతాయి.
ఎక్కించేది ముసలి కుదో.
తెల్లటి పొగలో తెల్లజెండా ఎవడిక్కనిపిస్తుందోయ్ అని
ముప్పై ఏళ్లుగా ఒకటే జోకు,
ముప్పై ఏళ్లుగా తనొక్కడే నవ్వుతాడు.

జెండా లేని రోజుల్లో
ఇసాము కొక్కెం గడలకి తాళ్లు బిగిస్తాడు,
నిన్న బిగించినవే.
నేను నాచు ఆరేసే గులకరాళ్ల నేలలో
గడ్డి పీకుతాను.
సముద్రం నలభై అడుగుల దూరం.
వారం రోజులుగా అది చెవులకే తప్ప
కళ్లకి లేదు.

సప్పోరో నుంచి ఆడపడుచు ఫోను:
ఇక్కడ ముప్పై రెండు, వదినా, ఫ్యాను కిందా ఉడికిపోతున్నాం.
రెండు స్వెట్టర్ల లోపలి నుంచి 'అయ్యో' అన్నాను.
పరదేశపు కబురులా వినబడింది.
పరదేశం నిజానికి ఇంకా దగ్గర,
పొగ విడిచిన రోజున ఎదురుగా తేలే ఆ దీవి.

మా అమ్మాయి పేరు చినాత్సు, వెయ్యి వేసవులని అర్థం.
ఏడేళ్లొచ్చాయి,
ఒక్క వేసవినీ నిండుగా చూసి ఎరగదు.
బడిలో ఇచ్చిన వాతావరణం పట్టీలో
అంటించడానికి సూర్యుడున్నాడు, మబ్బుంది, గొడుగుంది.
పొగమంచుకి బొమ్మ లేదు.
గడి ఖాళీగా వదిలేసి
'అంటించానమ్మా' అంది.

అత్తగారు చీకట్లోనే లేచి
ఒక గులకరాయి తీసి చెంపకి ఆనించుకునేది.
ఇవాళ విడుతుంది అంటే విడిచేది.
ఎలా తెలుస్తుందని ఒక్కసారే అడిగాను.
'రాయి చెబుతుంది' అని
బియ్యం కడగడానికి లోపలికెళ్లిపోయింది.

పదకొండో తారీకున నేనూ ఆనించుకున్నాను.
విడుతుందన్నాను.
కుదో కూడా జెండా ఎక్కించాడు, నా మాట విని కాదనుకోండి.
ఇసాము పడవ మునిగేంత తెచ్చాడు.
నిలువెత్తుకి రెండింతల పట్టీలు,
ఒకదాని పక్కన ఒకటి పరిచి నడుమెత్తేసరికి
తొమ్మిదిన్నరకి
అప్పిచ్చినవాడిలా, చెప్పులు విడవకుండా,
లోపలికి వచ్చేసింది పొగ.

మొత్తం నాలుగో రకం కింద పోయింది.
ఇసాము ఏమీ అనలేదు.
ఊరగాయ ముల్లంగి మాత్రం
ఇల్లంతా వినబడేలా నమిలాడు.

తర్వాత ఎన్ని రోజులో నేను లెక్కపెట్టలేదు.
దుప్పట్లు బూజు పట్టాయి. ఉప్పు నీరయింది.
దారి పక్క పసుపుపూలు
ఎవరి మీదో కోపంతో పూసినట్టు పూసి రాలాయి.

ఇరవై ఏడున నేను రాయి ముట్టుకోనేలేదు.
కునుకు పట్టి లేచేసరికి గోడ మీద
ఏదో పచ్చగా పడి ఉంది. ఎండ.
ఊరంతా పరుగు. పరిచాం, తిప్పాం, మళ్లీ తిప్పాం.
మెడ కాలింది. అరచేతులు నల్లబడ్డాయి.
సాయంత్రం కట్టలు కడుతుంటే చినాత్సు అడిగింది,
ఇవాళ దీవి మీద లైట్‌హౌసు కనిపించింది, చూశావా అని.
తలే ఎత్తలేదు నేను.
అట్టిపెట్టిన సూర్యుడి బొమ్మకి జిగురు ఎండిపోయి
పులుసులో పడింది.
చెంచాతో తీసి, తుడిచి, మెతుకుతో అంటించాం.

ముప్పై ఒకటి. మళ్లీ తెలుపు.
చీకట్లో బయటికెళ్లి రాయి తీశాను.
ఏమీ చెప్పలేదు.
కాకపోతే ఈసారి
రాయికంటే నా చెంపే చల్లగా ఉంది.

ఆవిడ విన్నది ఇదేనేమో,
కాదేమో.
లోపలికొచ్చి బియ్యం కడిగాను.